బోర్డు మారినా పద్దు మారదు

సోదరీమణులారా, ఈ వారం వంటింటి మాట కాదు, బీరువా మాట. పట్టుచీరల కింద దాచిన పాత పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు ఒకసారి పైకి తీయండి. వాటి మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అనో, ఆంధ్రా బ్యాంక్ అనో ఉంటే ఈ నాలుగు ముక్కలూ మీకోసమే.

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో ఈ రెండు పుస్తకాలూ పక్కపక్క వాటాల్లోనే కనిపిస్తాయి. నల్గొండ వైపు నుంచి వచ్చినవారి దగ్గర మొదటిది, విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి స్థిరపడ్డవారి దగ్గర రెండోది ఉండడం మామూలే. ఆ రెండు బోర్డులూ ఇప్పుడు లేవు. మరి మన డబ్బో?

మన హైదరాబాద్ బ్యాంకు చిన్నది కాదు. నిజాం ప్రభుత్వం 1941లో చట్టం చేసి దీన్ని పెట్టింది. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలైంది. అప్పట్లో ఇక్కడ చెల్లే ఉస్మానియా సిక్కా బాగోగులు కూడా ఈ బ్యాంకే చూసేది. 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు మారింది. 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకయింది.

ఆ పెద్ద బ్యాంకు పెరిగిందే అలా కలుపుకుంటూ. 1806లో కలకత్తాలో మొదలైంది. 1921లో కలకత్తా, బొంబాయి, మద్రాసు బ్యాంకులు మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయ్యాయి. అదే 1955 జులై 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది. ఇవాళ విదేశాల్లోనూ దానికి శాఖలున్నాయి. 2017 ఏప్రిల్ 1న మన హైదరాబాద్ బ్యాంకునూ, మరో నాలుగు అనుబంధ బ్యాంకులనూ తనలో కలిపేసుకుంది. వాటితోపాటు 2013లో ఆడవాళ్ల కోసమని పెట్టిన భారతీయ మహిళా బ్యాంకు కూడా! మన పేరుతో పెట్టింది నాలుగేళ్లయినా నిండకుండానే కలిసిపోయింది, చూశారా?

ఇక ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించారు. 1980లో జాతీయం చేశారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది.

పెళ్లయి ఇంటిపేరు మారినంత మాత్రాన పిల్ల మారిపోతుందా? ఇదీ అంతే. పాత బ్యాంకు మనకివ్వాల్సిన ప్రతి పైసా కొత్త బ్యాంకు బాధ్యతే. మారేవి చెక్కుబుక్కు, శాఖ కోడు, కొన్నిచోట్ల శాఖ ఉన్న వీధి.

అసలు భయం బోర్డు మారడం వల్ల కాదమ్మా, మనం మరిచిపోవడం వల్ల. అత్తగారు ఎప్పుడో వేసిన డిపాజిట్, ఇంటాయనకు తప్ప ఎవరికీ తెలియని రసీదు అలాగే పడి ఉంటాయి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా స్తంభిస్తుంది. పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళుతుంది. అప్పటికీ హక్కు పోదు. వారసులు బ్యాంకుకు వెళ్లి కాగితాలు చూపించి తీసుకోవచ్చు. ఇలా పడి ఉన్న డిపాజిట్లు వెతుక్కోవడానికి 2023లో రిజర్వు బ్యాంకు 'ఉద్గం' అనే ఇంటర్నెట్ సదుపాయం కూడా పెట్టింది. పిల్లల చేత చూపించుకోండి.

ఇక ఈ వారం చేయాల్సినవి మూడు. పాత పుస్తకాలు, రసీదులు పారేయకుండా ఒకే సంచిలో పెట్టండి. ఆధార్, పాన్ కార్డులు పట్టుకుని ఇప్పటి బ్యాంకుకు వెళ్లి ఖాతా నడుస్తోందో లేదో కనుక్కోండి. నామినీగా ఎవరి పేరుందో తప్పకుండా అడగండి. "ఆయన చూసుకుంటార్లే" అని ఊరుకోవద్దు. పోపుల డబ్బాలో దాచిన పది రూపాయలకు లెక్క చెప్పగలిగే మనకు, బ్యాంకులో ఉన్నదాని లెక్క తెలియకపోతే ఎలా?