ఉంచాల్సింది తీసేసి, తీసేయాల్సింది ఉంచేసి

రాయికోడ్‌లో ముప్పై ఏళ్ల మనిషి ఇల్లు కదలకుండానే ఒకసారి రాష్ట్రం మారాడు, ఇంకోసారి జిల్లా మారాడు. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ వాసి కాస్తా తెలంగాణ వాసి అయ్యాడు. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, అతని మండలం మెదక్ జిల్లాలోంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2024లో రాష్ట్రం పొట్టిపేరుగా టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఉద్యోగ పరీక్షలు పెట్టే కమిషనూ, అతను ఎక్కే ఆర్టీసీ బస్సూ పేరు మార్చుకున్నాయి. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. బోర్డులకు రంగు వేయించారు, రబ్బరు స్టాంపులు కొత్తవి చేయించారు. ప్రభుత్వ సైట్లలోని పాత పేజీల గతేమిటన్నది ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పేరు మారిన ప్రతిసారీ బోలెడు సమాచారం రాత్రికి రాత్రే పాతబడుతుంది: మండలాల జాబితా, మ్యాపు, అధికారుల ఫోన్ నంబర్లు, ఏ దరఖాస్తు ఏ ఆఫీసులో ఇవ్వాలో చెప్పే పట్టిక. వాటిని అలాగే వదిలేస్తే జనం తప్పు ఆఫీసు మెట్లెక్కుతారు. కాబట్టి తీయాల్సిందే, అందులో తకరారు లేదు. ఎలా తీయాలన్న దగ్గరే తకరారంతా. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ చేతికి మొదట తగిలేది డిలీట్ బటన్. ‘తీసేయండి’ అని చెప్పే పై అధికారి, తీసినదాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పడు.

పాత కాగితం విలువ భూమి పంచాయితీలో చిక్కుకున్న రైతును అడగాలి. తెలంగాణలో హక్కుల తగువు వస్తే ఇవాళ్టికీ 1954-55 నాటి భూమి లెక్క, ఖాస్రా పహాణీ, బయటికి తీస్తారు. అది రాయించిన హైదరాబాద్ రాష్ట్రం లేదు, రాసిన పట్వారీలూ లేరు. కాగితం ఇంకా కోర్టుల్లో సాక్ష్యం చెబుతూనే ఉంది. ఇక కంప్యూటర్ కాలానికి వస్తే, 2020 అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలో, భూమి ఎవరి అనుభవంలో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. భూభారతి తెచ్చినప్పుడు దాన్ని మళ్లీ పెడతామని ప్రభుత్వమే చెప్పింది. ఒక సర్కారు అక్కర్లేదనుకున్న గడిని ఇంకో సర్కారు వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

ఈ మాత్రం ఇంగితం జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద వాళ్లు ఊరూరా తిప్పే పండుగ పేరే పాత పంటల జాతర. ఈ ఏడు విత్తని గింజను బూడిద, వేపాకు కలిపి బుట్టలో దాస్తారు. పుచ్చిన గింజను ఏరి పారేస్తారు.

మన ప్రభుత్వాలు ఈ రెండు పనులూ తలకిందులుగా చేస్తున్నాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను జనానికి కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో గానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. సరిగ్గా ఆ 2021 ఆగస్టులోనే ఇటు తెలంగాణ హైకోర్టు, జీవో జారీ అయిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. కేసీఆర్ హయాం నాటి సమాచారం ప్రభుత్వ సైట్ల నుంచి, సోషల్ మీడియా ఖాతాల నుంచి మాయమవుతోందని 2024లో కేటీఆర్ ప్రధాన కార్యదర్శికి ఫిర్యాదు చేశారు. రాజకీయం సంగతి అలా ఉంచినా, ఆ ఫిర్యాదుకు ‘ఇదిగో, ఫలానా చోట భద్రంగా ఉంది’ అని వేలు పెట్టి చూపించగలిగే ఏర్పాటు ఉండాలా వద్దా? అమెరికాలో అధ్యక్షుడు దిగిపోయిన రోజునే వైట్‌హౌస్ సైటును ఉన్నదున్నట్టు జాతీయ ఆర్కైవ్స్‌కు మార్చేస్తారు. ఒబామా కాలం నాటి పేజీలు ఇప్పటికీ అక్కడ చదువుకోవచ్చు.

ఇక ఉంచకూడనివి. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక రాశారు. వాళ్లు నాలుగు ప్రభుత్వ వ్యవస్థల సైట్లు చూశారు. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపుల పట్టిక, చంద్రన్న బీమా. నాలుగింట్లో కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేశారు. దొంగలెవరూ తాళం పగలగొట్టలేదు, ఆఫీసులే పారదర్శకత పేరుతో వాకిట్లో ఆరబోశాయి. అదే ఏడాది చివర్లో, లబ్ధిదారుల పేర్లతో పాటు ఆధార్ నంబర్లు కూడా పెట్టిన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సైట్లు దాదాపు 210 ఉన్నాయని ఆధార్ సంస్థే ఒప్పుకుంది.

ఇలాంటి జాబితాను తీయాలంటే పేజీని తీసేస్తే చాలదు. సైట్లు నడపడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్‌నే తీసుకుంటే, అందులో పేజీని తీసేస్తే అది ముందు చెత్తబుట్టలోకి వెళ్తుంది, 30 రోజుల దాకా తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ పేజీకి తగిలించిన పీడీఎఫ్ మాత్రం ఎక్కడికీ పోదు. దాని లింకు తెలిసినవాడికి ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. మీడియా విభాగంలోకి వెళ్లి ఆ ఫైలును విడిగా తీయాలి. అక్కడ మామూలుగా చెత్తబుట్ట ఉండదు, తీస్తే పోయినట్టే. ఆ తర్వాత గూగుల్‌కు చెప్పుకోవాలి. వాళ్ల తొలగింపు సదుపాయం సుమారు ఆరు నెలలే దాచిపెడుతుంది కనుక ఈలోగా అసలు ఫైలు నిజంగా పోయి ఉండాలి. కొందరు రహస్య ఫైలు దారిని రోబోట్స్ ఫైలులో రాసి, సెర్చ్ యంత్రాలను అటు రావద్దంటారు. ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవొచ్చు. నగలున్న బీరువా మీద ‘ఇటు చూడకండి’ అని చీటీ అంటించినట్టే.

తొలగించే ముందు బ్యాకప్ తీయాలన్నది అందరూ చెప్పేదే. ఆ బ్యాకప్ మళ్లీ తెరుచుకుంటుందా అని చూసేవాళ్లు తక్కువ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో అలసిపోయిన ఇంజినీరు ఒకరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ తుడిచేశారు. అయిదు రకాల రక్షణ ఏర్పాట్లున్నా ఏదీ సరిగ్గా అక్కరకు రాలేదు. ఆరు గంటల పాత నకలు ఒకటి అనుకోకుండా దొరికింది కాబట్టి బతికిపోయారు. పనే కంప్యూటర్లయిన సంస్థ పరిస్థితి అది.

బ్రిటన్‌లో చచ్చిపోయిన ప్రభుత్వ లింకు నొక్కినవారిని జాతీయ ఆర్కైవ్స్‌లోని నకలుకు పంపే పద్ధతి 2008లోనే మొదలైంది. మన దగ్గరా నియమాలకు కరువు లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం కేంద్రం రాసిన మార్గదర్శకాలు, గడువు తీరిన సమాచారాన్ని ఎలా భద్రపరచాలో ప్రతి శాఖా ముందే రాసి పెట్టుకోవాలంటున్నాయి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం శాఖల వివరాలను ఏటా సవరించాలి. సవరించడమంటే నిరుటిది చించేయడమని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

కావలసింది పెద్ద సాఫ్ట్‌వేరేమీ కాదు. కలెక్టరేట్‌లో ఒక రిజిస్టరు, దానికి ఒక బాధ్యుడు. ఏ పేజీ, ఏ ఫైలు, ఏ తేదీన, ఎందుకు తీశారు, ఎవరి సంతకం, నకలు ఎక్కడుంది, పాత లింకు నొక్కితే ఎక్కడికి వెళ్తుంది. ఈ గడులు నిండకుండా డిలీట్ బటన్ ముట్టుకోకూడదు. ఆధార్, బ్యాంకు వివరాలున్న ఫైలు అయితే ‘నకలు’ గడి దగ్గర జనానికి అందని చోటు పేరే ఉండాలి. సంగారెడ్డిలో మొదలుపెడితే మొదటి వరుసలో రాయికోడే రాసుకోవచ్చు: మెదక్ జిల్లా మండలంగా ఉన్న పేజీ, 2016 అక్టోబరు 11 వరకు చెల్లుబాటు, నకలు ఆర్కైవ్‌లో, పాత లింకు సంగారెడ్డి సైటుకు.