తామరకు ట్యూబు కొనేముందు దానిమీది పేర్లు చదవండి

వేసవి ముదిరేసరికి కర్నూలు, కడప జిల్లాలలో గజ్జలలోను, చంకలలోను, నడుము చుట్టూ తామర బాధ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పొడి నేల గదా, చెమ్మను కోరే శిలీంధ్రానికి ఇక్కడ చోటెక్కడిది అని కొందరు అడుగుతారు. నేల పొడిదే, కాని 40 డిగ్రీలు దాటిన ఎండలో బిగుతైన దుస్తుల క్రింది చర్మం పొడిగా ఉండదు.

దురద మొదలు కాగానే మందుల దుకాణానికి వెళ్లి, వైద్యుని చీటీ లేకుండా ఏదో ఒక ట్యూబు తెచ్చుకొనడం మనకు అలవాటైంది. నా అభ్యంతరం ఆ అలవాటు మీదనే.

శిలీంధ్రాన్ని అణచే మందు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే కారణం బోధపడుతుంది. ప్రతి జీవకణానికీ కణత్వచమనే పలుచని పొర ఉంటుంది. మన కణాలలో ఆ పొరకు బిగువునిచ్చేది కొలెస్టరాల్, శిలీంధ్రంలో ఎర్గోస్టెరాల్. వైద్యశాస్త్రానికి దొరికిన సందు ఈ భేదమే. క్లోట్రిమజోల్, ఇట్రాకొనజోల్ ఒక మెట్టు వద్ద, టెర్బినాఫిన్ అంతకు ముందరి మెట్టు వద్ద ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకొంటాయి. పొర దుర్బలమై శిలీంధ్రం ఎదుగుదల నిలిచిపోతుంది. ఇది ఒకటి రెండు రోజులలో ముగిసే పని కాదు, వారాలు పడుతుంది.

దుకాణంలో చేతికిచ్చే మిశ్రమాలు అనేకం ఈ మందుతో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్‌ను కూడా కలుపుకొని వస్తాయి. స్టెరాయిడ్ శిలీంధ్రపు పొరను తాకనైనా తాకదు. మన చర్మపు ప్రతిఘటనను మాత్రం నిద్రపుచ్చుతుంది. రెండు రోజులలో దురద తగ్గుతుంది, మనం ట్యూబును మూలన పడవేస్తాము. లోపల శిలీంధ్రం హాయిగా వ్యాపిస్తుంది. స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే కేంద్రం నిబంధన బిగించింది. అమలు సంగతి పాఠకులకు తెలిసినదే.

ఇంతలో టెర్బినాఫిన్ పట్టుకొనవలసిన ఎంజైము రూపాన్నే మార్చుకొన్న శిలీంధ్రాలు మన దేశంలో విస్తరించాయి. అట్టి లక్షణం తరచుగా కనిపించే ఒక జాతికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు అట్లా శాస్త్రగ్రంథాలకు ఎక్కడం గర్వకారణమేమీ కాదు.

స్టెరాయిడ్‌కూ శిలీంధ్రానికీ గల పొత్తు ఎంత దారుణమో 2021లో చూచాము. కోవిడ్ రెండవ విజృంభణలో అదుపు తప్పిన మధుమేహానికి మితిమీరిన స్టెరాయిడ్ తోడై బ్లాక్ ఫంగస్ ప్రబలింది. శిలీంధ్రపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను నేరుగా పట్టి తూట్లు పొడిచే ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లకు దేశమంతటా కరవు వచ్చింది. మన రాష్ట్రంలో ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చవలసి వచ్చింది.

మరి ఇంటివైద్యం మాటేమిటి? తామరను ఆయుర్వేదం దద్రువన్నది. చరకుడు దానిని క్షుద్రకుష్ఠాలలోను, సుశ్రుతుడు మహాకుష్ఠాలలోను లెక్కించారు. తేలికగా తీసుకొనదగినది కాదని సుశ్రుతుని పక్షాన నేనంటాను. తగిరిసకు దద్రుఘ్నమని పేరు. దాని గింజలను పుల్లమజ్జిగలో నూరి పట్టించే వాడుక ఉన్నది. అప్పుడే పుట్టిన చిన్న మచ్చకు కొద్దిరోజులు ప్రయత్నించవచ్చు. వ్యాపించిన తామరకు, పసిపిల్లలకు, మధుమేహులకు మాత్రం దానినే నమ్ముకొని కూర్చొనరాదు, చర్మవైద్యుని చూడవలసినదే. ఆయన చెప్పిన గడువు వరకు, మచ్చ మాయమైనా సరే, మందు మానరాదు.

ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు వద్దు. నీటి ఎద్దడి రోజులలోనూ లోదుస్తులను ప్రతిదినం ఉతికి, తిరగవేసి, మిద్దెమీద ఆరవేయండి. ఎండకు మన సీమలో కొదువ లేదు గదా!