నేల ఉసిరి నేర్పే పాఠం

మన మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో పచ్చకామెర్లు రాగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, పసరు. కామెర్లకు వాడే మొక్కల్లో నేల ఉసిరి ఒకటి. సైన్సు చదివే మనం దాన్ని గుడ్డిగా నమ్మాలా, నవ్వి కొట్టిపారేయాలా? రెండూ కాదు, పరీక్షించాలి అంటాను నేను.

మద్రాసు విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్.పి.త్యాగరాజన్ బృందం ఆ పనే చేసింది. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబెర్గ్ కూడా వారితో కలిశారు. ఆ వైరస్ ఒంట్లో ఉండిపోయిన కొందరికి 30 రోజులు నేల ఉసిరి మందు, మరికొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఫలితం 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే పోయింది.

అంతటితో చంకలు గుద్దుకుంటే అది సైన్సు కాదు. ఇతర దేశాల్లో మళ్ళీ పరీక్షిస్తే అంతటి ఫలితం రాలేదు. అందుకే నేల ఉసిరి నేటికీ రుజువైన మందు కాలేదు. మరి ఆ శ్రమ వృథాయేనా? కానే కాదు. ఎంతవరకు నమ్మవచ్చో మనకు తెలిసింది ఆ శ్రమ వల్లనే.

కనుక కామెర్లు కనబడితే ముందు రక్తపరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి. హెపటైటిస్-బి రాకుండా టీకా ఉందనీ చెప్పండి.

బై.పి.సి. చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మొక్కల పేర్లు మన అవ్వలకు, తాతలకు తెలుసు. వాటి నిజమెంతో తేల్చే చదువు మనం చదవాలి. బోటనీ, ఫార్మసీ, మైక్రోబయాలజీ వైపు కూడా చూడండి. పల్నాటి పొలం గట్టు మీది మొక్క గుణం పల్నాటి బిడ్డలే తేల్చాలి.