ఎకరం అమ్మించకముందే నిజం చెప్పండి

68 ఏళ్ల మా చిన్నాయనకు రెండు నెలలు తలనొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ గోలీలిచ్చాడు. ఓ పొద్దున పొలం గట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోయాడు. హైదరాబాద్‌కు తీసుకొస్తే మెదడులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి ముక్కను పరీక్షకు పంపితే గ్లయోబ్లాస్టోమా అని తేలింది. ఆ ప్రైవేటు దవాఖాన మా చేతిలో మొదట పెట్టింది ఖర్చుల అంచనా కాగితం. రోగం ఎట్లాంటిదో చెప్పింది చివరన. అప్పటికే ఎకరం పోయింది. "ఇంతకూ మనిషి దక్కుతడా కొడుకా?" అని చిన్నమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు చేదుగానే ఉంటుంది. ఈ గడ్డను పూర్తిగా నయం చేసే వైద్యం నేటికీ లేదు. అది వేర్లలాగా మెదడులోకి పాకుతుంది. కత్తికి మొత్తం అందదు. అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. వీలైనంత గడ్డ తీసేస్తారు. ఆరు వారాల్లో 30 విడతల రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ గోలీ. తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు అదే గోలీ. 573 మంది రోగులపై జరిగి 2005లో అచ్చయిన పరిశోధన దీనికి ఆధారం. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో రెండేళ్లు బతికింది నూటికి 10 మంది. గోలీ కలిపితే 26 మంది. ఆ గోలీని నేడు మన దేశ కంపెనీలే తయారుచేస్తున్నాయి.

మరి ఖరీదైన బెవాసిజుమాబ్ ఇంజెక్షన్? కొత్తగా గడ్డ బయటపడిన రోగులకు ముందునుంచే ఇచ్చినా ఆయుష్షు పెరగలేదని 2014లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. 65 ఏళ్లు దాటినవారికి మూడు వారాల్లో 15 విడతల రేడియేషన్‌తోపాటు గోలీ ఇస్తే మేలని 2017లో తేలింది. ఆరు వారాలు కాదు, మూడు వారాలు! మా చిన్నాయనకు ఈ దారి కూడా ఉందని మాకెవరు చెప్పారు?

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. సంతోషమే. కానీ వారాల తరబడి కిరాయి గదికి, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలికి ఏ కార్డు పనికొస్తుంది? రేడియేషన్ మిషన్లు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటే ఆదిలాబాద్ రైతు 300 కిలోమీటర్లు మోసుకురావాల్సింది రోగాన్ని మాత్రమే కాదు, అప్పును కూడా.

అందుకే అడుగుదాం. బిల్లుకన్నా ముందు రోగం సంగతి, వైద్యం హద్దులు, ఉన్న దారులు తెలుగులో విప్పి చెప్పాలి. పాత జిల్లా కేంద్రాలన్నింటిలో రేడియేషన్ మిషన్లు, నడిపే సిబ్బంది ఉండాలి. చివరి రోజుల్లో నొప్పి తగ్గించే సేవ ఇంటి దగ్గరికి రావాలి. ఎన్ని నెలల బతుకు మిగిలిందో తెలిస్తే, వాటిని ఎట్లా బతకాలో ఆ ఇల్లే నిర్ణయించుకుంటుంది. ఆ హక్కు రోగిది, బిల్లు కౌంటర్‌ది కాదు.