చవక వైద్యం మాకొద్దు

బాలింత ఊరికే ఏడిస్తే గాలి సోకిందంటారు. బిడ్డను దగ్గరకు తీసుకోకపోతే పొగరంటారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ఒక జబ్బనీ, దాన్ని మాటలతో నయం చేసే పద్ధతి ఉందనీ మన గూడేల్లో చెప్పేవాళ్లు ఎందరున్నారు?

మానసిక వైద్యులు ఏజెన్సీకి రారు కాబట్టి ఊరి తల్లులకే శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగించాలంటున్నారు. దాన్ని మేం కాదనం. గోవాలో సంగాత్ సంస్థ అలాగే చేసింది. ‘సఖి’ అని పిలిచే స్థానిక తల్లులు ఒక్కో తల్లిని కడుపుతో ఉన్నప్పటి నుంచి ఆరు మొదలు పద్నాలుగు సార్లు కలిసి మాట్లాడారు. వాళ్లు కలిసినవారిలో కోలుకున్నవాళ్లు ఎక్కువని 2019లో ఫలితాలు వచ్చాయి. జార్ఖండ్, ఒడిశాల్లో మన ఆదివాసీ తల్లులతో ఏక్‌జుట్ సంస్థ 2005 నుంచి సంఘాలు నడిపింది. అది థెరపీ కాదు, తల్లీబిడ్డల కష్టాల మీద కలిసి మాట్లాడుకోవడం. మూడేళ్లు కలిపి చూస్తే డిప్రెషన్‌లో పెద్ద తేడా లేదు. మూడో ఏట మాత్రం ఒక మోస్తరు డిప్రెషన్ 57 శాతం తక్కువగా కనిపించింది. అంటే ఓపిక పట్టాలి, ఏళ్ల తరబడి నడపాలి.

మా పేచీ నాణ్యత దగ్గర. పట్నం తల్లికి డాక్టరు, గూడెం తల్లికి రెండు రోజుల శిక్షణ పొందిన పక్కింటామె అంటే ఒప్పుకోం. “ధైర్యంగా ఉండు, అందరం కన్నవాళ్లమే” అనడం వైద్యం కాదు. ఆ మాట విన్నాక ఆమె మళ్లీ నోరు విప్పదు. తీర్పు చెప్పకుండా వినడం, ఆమె ఆలోచన ఎక్కడ చిక్కుకుందో చూడటం, ఆమె చేయగల చిన్న పని ఒకటి ఇద్దరూ అనుకుని మళ్లీ వచ్చి అడగడం, ఇవన్నీ నేర్చుకోవాల్సిన పనులు.

టీచర్లకు ఇది కొత్త కాదు. ట్రైనింగ్‌లో మనం పాఠం చెబుతుంటే తోటివాళ్లు వెనక బల్ల మీద కూర్చుని లోపాలు రాసుకునేవారు. గోవాలోనూ స్థానిక కౌన్సిలర్ల సంభాషణలు రికార్డు చేసి, తోటివాళ్లూ నిపుణులూ విని మార్కులు వేశారు. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేరు?

యువతీయువకులారా, మీ ఊరికి ఇలాంటి పథకం వస్తే నిలదీసి అడగండి. మాట్లాడేది కోయలోనా, గోండిలోనా, కువిలోనా, లేక తల్లికి సగమే అర్థమయ్యే తెలుగులోనా? ఆమె పనిని వారం వారం చూసేదెవరు? జీతం ఎంత? తల్లి చచ్చిపోతానంటే ఆ రాత్రే ఏ డాక్టరు దగ్గరకు, ఏ బండిలో తీసుకెళ్తారు? వీటికి జవాబు లేకుండా పెట్టించుకునే సంతకం పెట్టకండి.