కాఠిన్యము వేఱు, నిర్దయ వేఱు

కఠినమైన కృతి యేది వెలువడినను విమర్శకలోకము రెండు పక్షములుగా చీలుట చిరకాలముగా చూచుచున్నదే. ఒక పక్షము కాఠిన్యమునే గుణముగా కొనియాడును. రెండవ పక్షము దానినే దోషముగా నిందించును. ఆ కాఠిన్యము దేనికొఱకు వచ్చినది, రసికుని ఎచ్చటికి చేర్చుచున్నది అని విచారించువారు అరుదు. 2021వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన ప్లేస్టేషన్ 5 యంత్రమునకై వెలువడిన "రిటర్నల్" అను వీడియో ఆటకు లభించిన యాదరమును, దానిపై చెలరేగిన వివాదమును పరిశీలించినచో ఈ సంగతి తేటపడగలదు.

ఆటను గూర్చి సంపాదకీయపుటలో వ్రాయుటయా యని మా పాఠకులలో పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. చలనచిత్రము వచ్చిన క్రొత్తలో మన పెద్దలును ఇట్లే నవ్విరి. నేడు మన యిండ్లలోని యువకులు పెక్కుమంది పద్యమునకును నాటకమునకును ఈయని గంటలను ఈ యాటలకు ఇచ్చుచున్నారు. వారి కాలమును, మన ధనమును గైకొనుచున్న కళను విమర్శింపక విడిచిపెట్టుట ఉదాసీనతయే కాని గాంభీర్యము కానేరదు.

ఆ యాట కథ యిది. సెలీన్ అను వ్యోమగామిని పైవారి యాజ్ఞను మీఱి, ఒక వింత సంకేతమును వెంబడించి, అట్రొపోస్ అను గ్రహముపై తన నౌకతో కూలును. అట్రొపోస్ యనునది గ్రీకుల పురాణములలో మానవుల యాయుస్సూత్రమును త్రెంచు దేవత పేరు. అచ్చట సెలీన్ మరణించినప్పుడెల్ల, నౌక కూలిన క్షణమునకే తిరిగివచ్చి మేల్కొనును. కాని గ్రహము మునుపటివలె నుండదు; గదుల వరుస, శత్రువుల స్థానములు, లభించు నాయుధములు అన్నియు మాఱిపోవును. త్రోవలో ఆమెకు ఆమె శవములే కనబడును; పూర్వజన్మలో పలికి భద్రపఱచిన తన మాటలే తనకు వినబడును.

ఇట్టి యాటలకు "రోగ్‌లైట్" లని పేరు. 1980లో వచ్చిన "రోగ్" అను ఆట ఈ వంశమునకు మూలపురుషుడు. చచ్చినచో సంపాదించినది సర్వము నశించుట ఆ పాత యాట నియమము. కొంత నశించి కొంత మిగులుట ఈ క్రొత్త శాఖ నియమము. రిటర్నల్‌లో ఖడ్గము వంటి కొన్ని సాధనములు శాశ్వతముగ నిలుచును. ఒకమాఱు జయించిన సీమాధిపతితో మరల పోరకయే ముందునకు సాగవచ్చును. తుపాకులును, కూడబెట్టిన నాణెములును, పెంచుకొన్న బలమును మాత్రము మరణముతో పోవును. మిగులు ముఖ్యధనము ఆడువాని చేతిలోని నేర్పే.

దీని నిర్మించినది ఫిన్లండు రాజధానియైన హెల్సింకిలోని హౌస్‌మార్క్ సంస్థ. ప్రకటించినది సోనీ సంస్థ. 1917లో రష్యానుండి విడివడి స్వతంత్రమైన ఆ దేశపు జనసంఖ్య అరకోటికి కొంచెము మాత్రమే మించును. 1995లో పుట్టిన ఈ సంస్థ, నాణెము వేసి యాడు ఆర్కేడ్ యంత్రముల నాటి సంప్రదాయమును నిష్ఠతో సాగించుచు వచ్చినది. 2017లో వెలువరించిన "నెక్స్ మెషీనా" కు విమర్శకుల మెప్పు దక్కెను గాని కొనువారు చాలలేదు. ఆ యేడు నవంబరులోనే, ఆర్కేడ్ మృతి చెందినదని సంస్థ బహిరంగముగ ప్రకటించెను. అట్లు ప్రకటించియు తన విద్యను గంగలో కలుపలేదు. విపులమైన కథకును, దృశ్యవైభవమునకును దానిని జోడించి మరల నిలువబెట్టినది. స్వల్పసంఖ్యగల జాతి తన నేర్పును విడువక ప్రపంచపు విపణిలో నిలిచిన తీరు, ఎనిమిది కోట్లకు మించిన తెలుగువారు గమనింపదగినది.

విమర్శకులు ఆటను సాదరముగ స్వీకరించిరి. పలు పత్రికల మార్కులను క్రోడీకరించు మెటాక్రిటిక్ పట్టికలో దీనికి నూటికి 86 లభించెను. శత్రువులు కురియు వెలుగుగుండ్ల వాన నడుమ దూసికొనిపోవు కదలికలోని చుఱుకుదనమును, చేతిలోని పరికరము వానచినుకుల తాకుడును సైతము వ్రేళ్లకు తెలుపు నేర్పును, బాబీ క్రిలిక్ కూర్చిన సంగీతమును, పరగ్రహపు టడవిలో అకస్మాత్తుగ నెదురగు భూలోకపు టిల్లు కలిగించు భీతిని వారు మెచ్చుకొనిరి. కష్టమును గూర్చియు వారు ముక్తకంఠముతో హెచ్చరించిరి. 2021 జూలై నడుమకు 5,60,000 ప్రతులకు పైగా అమ్ముడుపోయెనని సోనీ ప్రకటించెను.

ఆక్షేపణములు ప్రధానముగ రెండు. మొదటిది వెల. అమెరికాలో 70 డాలర్లు, మన దేశమున 4,999 రూపాయలు. ఈ జాతికే చెందిన "హేడీస్" అను ప్రసిద్ధమైన యాట 2020లో 25 డాలర్లకే దొరకెను. రెండవది ఇంకను గట్టిది. ఒక ప్రయాణమునకు రెండు మూడు గంటలు పట్టవచ్చును. నడుమ ఆటను భద్రపఱచి లేచిపోవు వీలు మాత్రము లేదు. యంత్రమును ఆర్పినచో శ్రమ యంతయు వ్యర్థము. యంత్రమును నిద్రావస్థలో నుంచి, ఇంటిలో మఱెవ్వరు వేఱొక యాట తెఱవకుండునట్లును, విద్యుత్తు పోకుండునట్లును ప్రార్థించుటయే శరణ్యమయ్యెను. విద్యుత్తు ఎప్పుడు పోవునో తెలియని మన పల్లెల పాఠకులకు ఈ బాధను వివరింప నక్కఱలేదు.

ఇచ్చటనే రెండు పక్షములు తలపడెను. మరణభయమే ఈ కళకు ప్రాణము, ఆట నిలుపు వీలు కల్పించినచో ఆ భయము సన్నగిల్లునని ఒకరనిరి. ఇంత వెల పోసి కొన్నవానిని ఇట్లు శిక్షించుట యేమి న్యాయమని రెండవవారు ప్రశ్నించిరి. మా యభిప్రాయమున ఉభయులును రెండు వేఱు వేఱు వస్తువులను ఒకే పేరుతో పిలిచి కలహించిరి.

మన సాహిత్యశాస్త్రము ఈ చిక్కును ఏనాడో విప్పినది. ద్రాక్షాపాకమని, కదళీపాకమని, నారికేళపాకమని మన పెద్దలు కవిత్వమును విభజించిరి. మెదకు సీమలోని కొలిచెలమ వంశమువాడగు మల్లినాథసూరి, భారవి పలుకును కొబ్బరికాయతో పోల్చెను. పెంకు గట్టిదని అతడు కాయను విసరిపాఱవేయలేదు. పెంకే రుచియని భ్రమపడను లేదు. కాయను పగులగొట్టి లోని రసమును అందఱకు అందించుటకై వ్యాఖ్య రచించి, దానికి ఘంటాపథమని, అనగా రాజమార్గమని పేరు పెట్టెను. కావ్యములోని ఒక్క యక్షరమును అతడు మెత్తపఱుపలేదు. చదువరికి త్రోవ మాత్రము వేసెను. విమర్శకుని ధర్మమునకు ఇంతకంటె చక్కని నిదర్శనము మాకు కానరాదు.

ఈ కొలతతో చూడుడు. రిటర్నల్‌లో సెలీన్ పదేపదే చచ్చి మరల మొదలిడుట కథకు వెలుపలి వస్తువు కాదు. తన గతమునుండి తప్పించుకొనలేని స్త్రీ దుఃఖమే ఆ చక్రము. ఆడువాడు ఓడి, విసిగి, మరల లేచినప్పుడు ఆ దుఃఖమును కంటితో చూచుట మాని చేతితో అనుభవించుచున్నాడు. ఈ కాఠిన్యము కొబ్బరికాయలోని పెంకు. దానిని తీసివేసినచో కాయయే లేదు. కాని ఇంట బిడ్డ యేడ్చినందుననో, తెల్లవాఱి కచ్చేరికి పోవలసియున్నందుననో లేచిపోయిన గృహస్థుని శ్రమను తుడిచివేయుట ఏ దుఃఖమునకు రూపము? అది కథలో లేదు, రసములో లేదు, ఏర్పాటులోని లోపము. మొదటిది కాఠిన్యము, రెండవది నిర్దయ.

ఈ భేదము మా యూహ మాత్రమే కాదని నిర్మాతలే నిరూపించిరి. 2021 అక్టోబరు 26న, అనగా ఆట వెలువడిన యాఱు మాసములకు, ప్రయాణమును నడుమ నిలుపు వీలును వారు కల్పించిరి. దానిని రచించిన తీరు శ్లాఘనీయము. నిలిపిన చోటనుండి ఒక్కమాఱే తిరిగి యాడవచ్చును; తిరిగి యాడుట మొదలిడగనే ఆ గుఱుతు చెరిగిపోవును. చచ్చిన పిమ్మట వెనుకకు వచ్చుటకు అది పనికిరాదు; అధిపతులతో పోరు నడుమ అది దొరకదు. మరణభయము పూర్వము వలెనే నిలిచినది. గృహస్థునికి లేచిపోవు స్వాతంత్ర్యము దక్కినది. 2022 మార్చిలో స్నేహితుని తోడు తెచ్చుకొని యిద్దఱు కలిసి యాడు వీలును కలిగినది. ఆ యేప్రిల్‌లో బ్రిటిషు అకాడమీవారి బాఫ్టా బహుమతులలో ఉత్తమమైన యాటగా దీనిని ఎన్నుకొనిరి. సంగీతమునకును, శబ్దరచనకును, సెలీన్ పాత్రకు ప్రాణము పోసిన జేన్ పెరీకిని బహుమతులు లభించెను. దయ చూపినందున కృతి గౌరవము తఱుగలేదు.

విమర్శకులకు ఒక్క మాట మనవి చేయవలసియున్నది. ఆటను వెల చెల్లింపక పొంది, ఆడుటయే వృత్తిగా గలవాడు మూడు గంటల ప్రయాణమును ఏకధాటిగా సాగింపగలడు. సాయంకాలము ఒక్క గంట మాత్రమే తనదియైన పాఠకుని స్థితి వేఱు. పెక్కుమంది విమర్శకులు ఆ లోపమును తమ వ్యాసములలో చెప్పకపోలేదు, చెప్పినవారిని అభినందించుచున్నాము. కాని నూటికి 86 అను అంకెలో ఆ గంట యెచ్చట నున్నది? అంకెను చూచి కొనువాడు వ్యాసమును చదువడు. వ్యాసమును చదివినవాడు అంకెతో తృప్తి చెందడు. కృతి యెంత గొప్పదో చెప్పుటతోపాటు, అది యెవనినుండి ఎంత కాలమును, ఎంత ధనమును, ఎంత యోర్పును కోరునో చెప్పినప్పుడే విమర్శ పాఠకుని పక్షమున నిలిచినదగును.

ఈ న్యాయము ఆటలకే చెల్లునది కాదు. రేపు మన తెలుగు యువకులు ఇట్టి కృతులను నిర్మింప పూనుకొందురు. పూనుకొనవలెనని మా కోరిక. వారు కొబ్బరికాయనే ఇత్తురుగాక, మేము సంతోషముతో స్వీకరింతుము. పగులగొట్టుటకు పూనుకొన్నవాడు నడుమ ఊపిరి పీల్చుకొనుటకు కాస్త కూర్చుండు తావు మాత్రము చూపవలెనని వారికి ముందుగనే మనవి చేయుచున్నాము.