రాబందుకు ఉన్న చట్టం మన కూలికి లేదా?

మిరప ఏరుడు మొదలైందంటే తల్లాడ దారుల్లో తెల్లారకముందే ట్రాలీ ఆటోలు కదులుతాయి. ఏన్కూరు, జూలూరుపాడు వైపు కోయ, లంబాడా ఆడవాళ్లు, భద్రాచలం అవతల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన మన చుట్టాలు. చేతిలో సద్దిమూట, నీళ్ల సీసా. కొంగు ముడిలో నాలుగు నొప్పి గోళీలు. ఆ గోళీల గురించే మేము మాట్లాడుతున్నాం.

నడుము పట్టేస్తే గోళీ. దానికి లొంగకపోతే సాయంత్రం సూది. డైక్లోఫినాక్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన పల్లెల్లో కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. కొన్నిచోట్ల మేస్త్రీయే తెచ్చి పంచుతాడు. దయతో ఇస్తున్నాడని మనం మురిసిపోతాం. ఆ గోళీ పని చేసేది మన నడుము కోసమా, రేపటి అతని పని కోసమా?

అది ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు. ఆ పరిశోధనకు 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వాపునూ నొప్పినీ పెంచేవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. కిడ్నీని కాచేవీ అవే.

ఎండలో చెమట కారి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీ రెనిన్ వదులుతుంది. దాని వెనకే ఆల్డోస్టిరోన్ వచ్చి ఉప్పును పోనీయకుండా పట్టి ఉంచుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. అప్పుడు కిడ్నీలోకి రక్తం వచ్చే తూము మూసుకుపోకుండా తెరిచి పట్టేది ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి గోళీ ఆ పట్టును తీసేస్తుంది. తూము సన్నబడుతుంది, వడపోత తగ్గుతుంది, మూత్రం తగ్గుతుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచి కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, బీపీ గోళీ పని సగం చెడుతుంది. రెనిన్, ఆల్డోస్టిరోన్ కూడా తగ్గిపోతే పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది.

నీళ్లు తాగి నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడికి ఒక గోళీతో పెద్ద ముప్పు ఉండదు. పొద్దంతా దాహంతో వంగి, రోజూ గోళీ మింగే కూలి మనిషికి ముప్పు ఎక్కువ.

ఇదే డైక్లోఫినాక్ వేసిన పశువులు చస్తే, ఆ మాంసం తిన్న రాబందులు కిడ్నీలు చెడి కుప్పకూలాయని 2004లో పరిశోధకులు తేల్చారు. 2006లో మన దేశం పశువుల వైద్యంలో ఆ మందును నిషేధించింది. 2015లో మనుషుల సూదిమందును కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకు పరిమితం చేశారు. అదైనా మన కోసం కాదు, పెద్ద సీసాలు పశువులకు మళ్లకుండా. రాబందును కాపాడినందుకు మాకు సంతోషమే. అడవిలో దాని పని ఏమిటో మాకొకరు చెప్పనక్కర్లేదు. పక్షి కిడ్నీ మనిషి కిడ్నీ కన్నా సున్నితమన్నదీ నిజమే. అయినా అడుగుతాం: పక్షి కోసం కదిలిన ప్రభుత్వానికి మిరపచేలో మనిషి కనబడలేదా?

అడిగితే వచ్చే జవాబు మనకు తెలుసు. "మీరు తాగుతారు, అందుకే కిడ్నీలు పోతాయి." తిరువూరు అవతల ఎ.కొండూరు తండాల్లో ఎందరో లంబాడా కుటుంబాలు కిడ్నీ జబ్బుతో కుంగిపోయాయి. అక్కడ నీళ్ల మీద అనుమానం ఉంది, నొప్పి మందుల మీదా ఉంది. ఒక్కటే కారణమని తేలలేదు. శ్రీకాకుళం ఉద్దానంలోనూ అంతే. కనుక అంతా గోళీ వల్లే అని మేము అనం. నింద మాత్రం ముందుగా జబ్బుపడ్డవాడి మీదే ఎందుకు పడుతుంది? నీళ్లు పెట్టని చేనును, పరీక్ష చేయని వ్యవస్థను ఎవరు అడగాలి?

మనమే అడగాలి. చేలో తాగునీరు, నీడ, మధ్యాహ్నం విశ్రాంతి కూలిలో భాగం. మిరప కోతకు ముందూ, తునికాకు సీజన్‌కు ముందూ పీహెచ్‌సీల ద్వారా బీపీ, క్రియాటినిన్ పరీక్షలు జరగాలి. భద్రాచలం ఐటీడీఏ దీన్ని తన పనిగా పెట్టుకోవాలి.

పంతుళ్లారా, తూము ఉదాహరణతో ఈ పాఠం బడిలో చెప్పండి. పిల్లలు ఇంటికి మోసుకుపోతారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంట్లో అమ్మ మింగే గోళీ అట్ట మీద పేరు చదవండి. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వీటిని ముట్టొద్దని చెప్పండి. వాంతులు, విరేచనాలు అయిన రోజూ వద్దు. నొప్పికి ముందు నీళ్లు, విశ్రాంతి, కాపడం. గోళీ తప్పనిసరైతే పారాసిటమాల్, అదీ ఏఎన్ఎం చెప్పిన మోతాదులోనే. కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

మేస్త్రీ గోళీ చాపితే నీళ్ల క్యాను అడుగుదాం. ఒక్కరు అడిగితే పని పోతుంది. ట్రాలీ నిండా ఉన్నవాళ్లంతా అడిగితే నీళ్లు వస్తాయి.